మానే గొట్టం

గొట్టానికి కత్తితో కోత పెట్టమంది డాక్టర్ హైమ. అబ్బులు కత్తి అందుకున్నాడు గానీ కోయలేదు.

తొమ్మిదేళ్ళుగా అతని పని గొట్టాలకు కోత పడకుండా చూడడం. కాకినాడ బీచ్ రోడ్డు పక్కన యార్డులో పన్నెండు కారవాన్లు ఉన్నాయి. లోపల మంచం, పొయ్యి, మరుగుదొడ్డి ఉన్న బండ్లు. ఒక టూరు కంపెనీ వాటిని కుటుంబాలకు అద్దెకిస్తుంది. అరకు వెళ్ళి వచ్చిన బండి కింద రెండు ట్యాంకులు నిండి ఉంటాయి. ఒకదానిలో మరుగుదొడ్డి నీళ్ళు, రెండోదానిలో స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు. గొట్టం తగిలించి ముందు మొదటి ట్యాంకు, తర్వాత రెండో ట్యాంకు మురుగు గుంటలోకి వదలాలి. స్నానాల నీళ్ళు వెనక వస్తే గొట్టం దానంతట అదే కడుక్కుంటుంది. ఈ వరుస తప్పనివ్వడు అబ్బులు.

గొట్టం ఎండకు పెళుసెక్కుతుంది. వంపు దగ్గర చీలుతుంది. ఇసుకలో ఈడిస్తే అరుగుతుంది. ఎలుక కొరుకుతుంది. ట్యాంకు వదిలినప్పుడు చీలిన గొట్టం చేతిలో ఉన్న మనిషి సంగతి ఏమిటో అతనికి మొదటి ఏడాదిలోనే రెండుసార్లు తెలిసింది.

"కొయ్యండి అబ్బులు గారూ. ఏం కాదు."

"కొత్త గొట్టమండి. చేతులు రావట్లేదు."

హైమ కత్తి తీసుకుని తనే కోసింది. నాలుగు వేళ్ళ పొడవు కోత. మీద కాసిని నీళ్ళు చల్లి, వాచీ చూసుకుని, టీ తాగొద్దాం రమ్మంది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే కోత లేదు. అబ్బులు బొటనవేలితో రాసి చూశాడు. అతుకు కూడా తగల్లేదు.

ఆమె అక్కడే మళ్ళీ కోసింది. ఈసారి పన్నెండు నిమిషాలు పట్టింది.

"రెండోసారి కోస్తే ఇంకా తొందరగా మూస్తుంది. నేర్చుకుంటుంది," అంది హైమ. విశాఖపట్నంలోని ప్రయోగశాలలో మూడేళ్ళు ఆమె చేసిన పని ఇది. "గొట్టం నడిమి పొరలో ప్రాణమున్న పదార్థం ఉంది. మురుగే దాని తిండి. తడి ఉండి, తెగిన అంచు దొరికితే అక్కడి నుంచి పెరుగుతుంది. అవతలి అంచు తగిలాక ఆగిపోతుంది."

అబ్బులు గొట్టాన్ని రెండు చేతుల్లో తిప్పి చూశాడు.

"మరి గొట్టం నోరు కూడా కన్నమే గదండి. దాన్నెందుకు పూడ్చదు?"

హైమ అతని వైపు చూసింది. కంపెనీ వాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"రెండు చివర్లా రాగి కట్టు ఉంది చూడండి. రాగి దగ్గర ఆగిపోతుంది. ఆ కట్టు మాత్రం ఎప్పుడూ తీయొద్దు."

"తియ్యనండి," అన్నాడు అబ్బులు.

తీయలేదు. మర్నాడు దాని మీద రంగు వేశాడు.

అతను యార్డులో చేరిన రెండో ఏడు, ఒక పనివాడు మురుగు గొట్టాన్ని మంచినీళ్ళ గొట్టం అనుకుని కుళాయికి తగిలించి, ఆరో నంబరు బండికి తాగే నీళ్ళు పట్టాడు. ఆ బండిలో వెళ్ళిన ఐదుగురూ ఆసుపత్రిలో చేరారు. అప్పటి నుంచి ఏ గొట్టం వచ్చినా చివరి కట్టు మీద తెల్ల ఎనామిల్ పూసి, ఎర్ర రంగుతో బండి నంబరు రాయడం అబ్బులు పద్ధతి. ఒక పూత కడుగుళ్ళకు పోతుంది కాబట్టి రెండు పూతలు. పన్నెండు బండ్లకూ హైమ ఇచ్చిన కొత్త గొట్టాలకూ అలాగే రాశాడు. సముద్రపు గాలికి రాగి పచ్చబడకుండా రంగు కాపాడుతుందని కూడా అనుకున్నాడు.

మూడు నెలల్లో ఒక్క గొట్టం చీలలేదు. ప్రతి గొట్టానికీ ఒక కార్డు ఉంది. ఎప్పుడు కడిగారు, ఎంతసేపు ఎండలో ఉంది, ఎక్కడ దెబ్బ తగిలింది, ఎంతసేపటికి మానింది. శనివారం శనివారం హైమ ఫోన్ చేస్తే అబ్బులు కార్డులు చూసి చదివేవాడు.

కార్డులో రాయనిది ఒకటి జరుగుతోంది. గచ్చు మీద చెప్పులు జారతాయని అబ్బులు వట్టి కాళ్ళతో పని చేస్తాడు. అతని మడమలకు పెళ్ళినాటి నుంచీ పగుళ్ళు. మూడో నెలలో ఒక సాయంత్రం, భార్య లోవలక్ష్మి గుమ్మంలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ అతని కాళ్ళ వైపు చూసింది.

"ఏటి మావా, పెళ్ళికొడుకు కాళ్ళల్లే ఉన్నాయి?"

అబ్బులు కాలు ఎత్తి చూసుకున్నాడు. ఒక్క పగులు లేదు.

"నాకేం తెల్సు. నేనేం రాయలేదు."

"రాయకుండానే నున్నబడిపోయాయేటి? ఎవత్తి తోమతందో చెప్పు, నా చేతులు కూడా తోమిచ్చుకుంటాను."

ఆమె నవ్వుతూనే అంది గాని, చేతులు ముడవలేకపోతోంది. లోవలక్ష్మి రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. ఉదయం ఏడు నుంచి నాలుగు దాకా ఐసులో ఉన్న రొయ్య తలలు తీసి, పొట్టు ఒలవాలి. పదకొండేళ్ళ పనిలో ఆమె వేళ్ళ కొసలు చీలిపోయాయి. చీలికల్లోకి రొయ్య ముల్లు దిగేది, ఉప్పునీళ్ళు దిగేవి. ఆ నెలలో ఆమెకు గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమైంది. చేతులు ఆడని మనిషిని షెడ్డులో ఉంచుకోరు.

మడమల సంగతి అబ్బులుకు మర్నాడు గచ్చు మీద నిలబడ్డప్పుడు అర్థమైంది. గొట్టం కడిగిన నీళ్ళు పాదాల చుట్టూ పారుతున్నాయి.

పదమూడో గొట్టం ఒకటి ఉంది. ఏదైనా పాడైతే వాడుకోమని హైమ ఇచ్చి వెళ్ళింది. తడి గోనెలో చుట్టి పెట్టమంది. దాన్ని ఇంకా వాడలేదు. అబ్బులు ఆ గొట్టం నుంచి జానెడు ముక్క కోశాడు. ఈసారి చేతులు వచ్చాయి. ఇంటికి తెచ్చి స్టీలు బకెట్లో నీళ్ళు పోసి అందులో వేశాడు.

"మురుగు గొట్టమా?" అంది లోవలక్ష్మి.

"మురుగు మొహం చూళ్ళేదు ఇది. ముట్టుకో."

ఆమె వాసన చూసి, చేతులు నీళ్ళలో పెట్టింది. తెల్లారి లేచేసరికి చీలికలు కలిసిపోయాయి. ఆమె పిడికిలి బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు మావా ఇది," అంది.

ఆమె రోజూ చేతులు అందులో ముంచుకుని పనికి వెళ్ళేది. పది రోజుల తర్వాత అబ్బులు బకెట్లో చూస్తే జానెడు ముక్క నాలుగు వేళ్ళంతే ఉంది. నీళ్ళకు కరిగిందేమో అనుకున్నాడు.

*

షెడ్డు గేటు దగ్గర ఆడవాళ్ళు గాజులు, దుద్దులు, ముక్కుపుడక తీసి డబ్బాలో పెట్టి లోపలికి వెళ్ళాలి. సాయంత్రం తిరిగి పెట్టుకుంటారు. ఒక శుక్రవారం ఇంటికి వచ్చాక లోవలక్ష్మి అద్దం ముందు నిలబడి కుడి దుద్దు పెట్టుకోవడానికి తంటాలు పడింది. కాడ వంగిందేమోనని తీసి చూసింది. వంగలేదు.

"మావా, ఇలా రా. కన్నం కనబడతందా?"

అబ్బులు టార్చి వేసి చూశాడు. చెవి తమ్మె ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు. కన్నం లేదు. మచ్చ కూడా లేదు.

"పూడిపోయిందే."

"ముప్పై ఏళ్ళ కన్నం పూడిపోడమేటి? మళ్ళీ కుట్టిచ్చుకోవాలేటి, ఈ వయసులో?"

"కుట్టిచ్చుకో. ఏడవకుండా కూర్చుంటే చాక్లెట్టు కొనిపెడతాను."

ఇద్దరూ నవ్వారు. ఆదివారానికి ఎడమ చెవి పూడింది. సోమవారం ముక్కుపుడక కన్నం పూడింది. ఆ రోజు లోవలక్ష్మి నవ్వలేదు. బుధవారం నుంచి ఆమె కుడి కంట్లోంచి నీళ్ళు కారసాగాయి. ఏడుపు కాదు, మంట లేదు. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి లేక చెంప మీదికి వస్తున్నాయి. అది వాళ్ళకు తర్వాత తెలిసింది. ఎవరు పోయారని షెడ్డు సూపర్‌వైజరు అడిగాడట.

హైమకు ఫోన్ చేయాలని అబ్బులు ఆ రోజే అనుకున్నాడు. చేస్తే ఆమె ఇచ్చిన పదమూడో గొట్టాన్ని కోశానని చెప్పాలి. శనివారం ఆమే ఫోన్ చేసింది. పన్నెండు కార్డులూ చదివాడు. అంతా బాగానే ఉందన్నాడు. అప్పటికే లోవలక్ష్మి నోటితో గాలి పీలుస్తూ అన్నం తింటోంది. ముద్దకూ ముద్దకూ మధ్య ఆగుతోంది.

మంగళవారం ఉదయం ఏడో నంబరు బండి వచ్చింది. అబ్బులు గొట్టం తగిలించి మొదటి ట్యాంకు మర తిప్పాడు. గొట్టం ఉబ్బింది. మురుగు గుంటలో చుక్క పడలేదు. మర కట్టేసి, గుంటలోంచి గొట్టం కొస పైకి తీశాడు. నోరు లేదు. కట్టుకు అడ్డంగా బూడిదరంగు పొర ఉంది. కట్టు మీది తెల్ల రంగు మీదుగా ఎక్కి, ఎర్రటి ఏడు అంకెను కప్పి, చుట్టూ నుంచి వచ్చి మధ్యలో కలిసింది. అతుకు లేదు.

అబ్బులు గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. అతను గొట్టాన్ని చూడడం లేదు. లోవలక్ష్మి ముక్కును తలచుకుంటున్నాడు.

*

అబ్బులు ఫోన్ చేస్తే హైమ మధ్యాహ్నానికి వచ్చింది. గొట్టం కొసను వెలుతురుకు పట్టి చూసింది.

"ఈ రంగు ఎవరు వేశారు?"

"నేనేనండి. నంబర్లు."

"రాగి మీద?"

"కట్టు తియ్యొద్దన్నారండి. తియ్యలేదు."

ఆమె గోటితో ఎనామిల్ గీకింది. రెండో పూత కింద మొదటి పూత, దాని కింద రాగి కనిపించింది.

"తీయొద్దని చెప్పాను," అంది నెమ్మదిగా. "రాగి తగలాలని చెప్పలేదు."

అబ్బులు లేచి మడమ ఎత్తి చూపించాడు. తర్వాత పదమూడో గొట్టం గోనె విప్పి, కోసిన చోటు చూపించాడు. బకెట్, చేతులు, చెవులు, కన్ను అన్నీ వరసగా చెప్పాడు. కార్డు చదివినట్టే చెప్పాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి తన ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?" అంది హైమ.

లోవలక్ష్మి ఇంట్లో మంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదని కూర్చుంది. హైమ టార్చి వేసింది. కుడి ముక్కు మూసుకుపోయింది. ఎడమ ముక్కులో చీపురుపుల్ల పట్టేంత సందు ఉంది. నోరు తెరిపించి చూస్తే, కొండనాలుక వెనక బూడిదరంగు అంచు కనిపించింది.

"ఈ నీళ్ళలో ఇంకెవరైనా చేతులు పెట్టారా అమ్మా?"

లోవలక్ష్మి అబ్బులు వైపు చూసింది. "లేదండి. మేవిద్దరవే," అంది.

"నా కాళ్ళకేం కాలేదు గదండి. దానికెందుకు?" అన్నాడు అబ్బులు.

"మీరు పని అయ్యాక కాళ్ళు దేనితో కడుక్కుంటారు?"

"బ్లీచింగు నీళ్ళతోనండి. రోజూ."

"అందుకే. ఆవిడ చేతులు రోజంతా తడిలోనే ఉంటాయి. ఆ చేతులతోనే మొహం తుడుచుకుంటారు. దానికి చెవి కుట్టు తెలీదు, ముక్కు తెలీదు. అంచున్న కన్నం, తడి. ఏ కన్నమైనా దానికి చిల్లే."

"మనుషుల మీద చూళ్ళేదా అండి మీరు?"

"చూశాం. ముప్పై రోజులు చర్మం మీద ఉంచి చూశాం. ఏమీ కాలేదు." హైమ టార్చి ఆపింది. "ఆవిడ మొదలుపెట్టి ఎన్ని రోజులైంది?"

"నలభై ఒకటండి," అన్నాడు అబ్బులు. అతనికి తేదీలు గుర్తుంటాయి.

*

ఆసుపత్రిలో డాక్టరు ముక్కులోని పొరను కోసి తీశాడు. లోవలక్ష్మి ముక్కుతో గాలి పీల్చి, వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పదకొండు గంటల తర్వాత రెండు ముక్కులూ మూసుకున్నాయి. మళ్ళీ కోశారు. ఈసారి ఆరు గంటలు. మూడోసారికి డాక్టరు కత్తెర పెట్టిన ట్రే తెప్పించేసరికి అబ్బులు మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కొయ్యకండి డాక్టరు గారూ. కోసిన కొద్దీ తొందరగా మూత్తాది. నేర్చుకుంటాది."

"మీరు బయటికెళ్ళండి."

"నా కళ్ళ ముందే కోసి చూపిచ్చారండి. మొదట ఇరవై నిమిషాలు, రెండోసారి పన్నెండు."

డాక్టరు హైమ వైపు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఆయన చెప్పింది నిజం," అంది. "నాకు తట్టాల్సింది. తట్టలేదు."

ఆ రెండు రోజుల్లో యార్డులో గొట్టాలన్నీ ఇటుకబట్టీలో కాల్చేశారు. రొయ్యల చెరువుల వాళ్ళు వాడే మైలుతుత్తం నీళ్ళలో కలిపి గచ్చంతా పోశారు. అందులో ఉన్నదీ రాగే. గచ్చు మీద బూడిదరంగు మచ్చలు నల్లబడి పొడిలా లేచిపోయాయి.

"అదే నీళ్ళు దూదితో ముక్కులో రాత్తేనండి?" అని అడిగాడు అబ్బులు.

"ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషి ఉండదు."

"మరి రాగి?"

జవాబు కోసం అబ్బులు ఆగలేదు. యార్డుకు వెళ్ళి, బండ్ల ఏసీలకు వాడే రాగి పైపు చుట్ట తీశాడు. సన్న పైపులోంచి రెండు ఉంగరాలు కోసి, అంచులు ఆకురాయితో అరగదీశాడు. చింతపండు, ఉప్పు పెట్టి తోమాడు. తల్లి చెంబులు తోమిన పద్ధతే. ఎర్రగా మెరిశాక వేడినీళ్ళలో మరిగించి ఆసుపత్రికి తెచ్చాడు. ఉంగరం దిగేంత మేర పొర కోసి, అది మళ్ళీ కమ్మక ముందే డాక్టరు వాటిని లోవలక్ష్మి ముక్కుల్లో పెట్టాడు. ఆరు గంటలయింది. పన్నెండు గంటలయింది. పొర ఉంగరం అంచు దాకా వచ్చి ఆగింది.

"ఆగిందా?" అని లోవలక్ష్మి జీరగొంతుతో అడిగింది.

"ఆగింది."

"మరి ఊపిరి ఆడట్లేదేటి మావా?"

గొంతు లోపల ఆగలేదు. అక్కడికి ఉంగరం అందదు. సందు పెన్సిలు మందం ఉందని డాక్టరు కెమెరాలో చూపించాడు. మెడ ముందు, ఆ పొరకు దిగువన కన్నం చేసి గొట్టం పెట్టాలన్నాడు. ఆసుపత్రిలో ఉన్నవి ప్లాస్టిక్ గొట్టాలు. ప్లాస్టిక్ మీదికి ఎక్కి మూసేస్తుందని హైమ చెప్పింది. ఉక్కు మీదికీ ఎక్కుతుంది.

"రాగి ఒంట్లో ఉంచితే పుండు పడుతుంది మేడం," అన్నాడు డాక్టరు.

"పడనివ్వండి," అంది హైమ.

డాక్టరు ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చి అబ్బులు చేతికిచ్చాడు. వంపు, పొడవు, మందం అదే కావాలన్నాడు. వెంట్రుకవాసి గరుకు కూడా ఉండకూడదన్నాడు. అబ్బులు ఒకటి చేశాడు. అది డాక్టరు చూస్తుండగానే రెండోది మొదలుపెట్టాడు.

"రెండెందుకు?"

"నల్లబడితే పని చెయ్యదండి. ఒకటి తోముతుంటే ఒకటి ఉండాలి."

ఎంతసేపటికి నల్లబడుతుందో హైమ గాజు పళ్ళెంలో పెట్టి చూసింది. మెరిసే రాగి దగ్గర పొర ఆగింది. మసకేసిన రాగి మీద మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. రోజుకు రెండుసార్లు మార్చాలని తేలింది.

మెడ మీద ఒకే ఒక్క కోత పెట్టడానికి ఒప్పుకున్నాడు అబ్బులు. కోసిన క్షణంలోనే గొట్టం దిగాలి. ఆపరేషన్ గది బయట పద్దెనిమిది నిమిషాలు నిలబడ్డాడు. డాక్టరు బయటికి వచ్చి, "పెట్టాం. గాలి ఆడుతోంది," అన్నాడు. గంట తిరగకుండానే పొర గొట్టం అంచు దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

*

మెడలో గొట్టం పెట్టిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం అబ్బులు వార్డులో కింద కూర్చుని చింతపండుతో రాగి గొట్టం తోముతున్నాడు. రెండోది లోవలక్ష్మి మెడలో ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. ఆమెకు మాట లేదు. గొట్టం చుట్టూ చర్మం ఎర్రగా పుండు పడింది. మంచం చివర యార్డు కార్డు ఒకటి వేలాడుతోంది. ఎప్పుడు మార్చింది, ఎప్పుడు తోమింది, అంచు ఎంత దూరంలో ఉంది, అన్నీ అబ్బులు రాస్తున్నాడు. పైన గొట్టం నంబరు రాసే చోట మాత్రం ఖాళీ వదిలేశాడు.

సీతారత్నం చూడడానికి వచ్చింది. షెడ్డులో లోవలక్ష్మి పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచే మనిషి. బత్తాయిలు తెచ్చింది.

"మీ ఆయన యార్డు పైపు నీ మెళ్ళో ఏసేశాడంట గదే. బంగారం చేయిచ్చలేక రాగి చేయిచ్చాడా?"

లోవలక్ష్మి పెదాలతో నవ్వింది. ఈల చప్పుడు తొందరగా రెండుసార్లు వచ్చింది.

"నువ్వు తొందరగా రా. నువ్వు లేపోతే బల్ల దగ్గర ఒక్కత్తీ నవ్వదు." సీతారత్నం బత్తాయి ఒలుస్తూ కూర్చుంది. గోళ్ళతో తొక్క గబగబా వచ్చేస్తోంది. రసం వేళ్ళ మీదుగా కారుతున్నా ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. "చూసేవా, ఎక్కడా మంట లేదు. చల్లగా ఉండాలే తల్లీ నువ్వు. ఒకటే చెవులు... వేడి చేసిందో ఏటో, నాల్రోజుల నుంచి దుద్దులు ఎక్కట్లేదు."

తోముతున్న చెయ్యి ఆగిపోయింది.

అబ్బులు లేచి సీతారత్నం దగ్గరికి వచ్చాడు. ఆమె చెవి తమ్మె వైపు చూశాడు. తర్వాత ఆమె చేతుల వైపు చూశాడు. అప్పుడు లోవలక్ష్మి వైపు తిరిగాడు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఆ ముక్క కరగలేదన్నమాట," అన్నాడు.

ఆమె చేతులు దుప్పటి కింద దాచుకుంది.

"మేడం గారు అడిగినప్పుడు చెప్పొచ్చు గదే."

లోవలక్ష్మి చెయ్యి ఎత్తి, షెడ్డు ఉన్న దిక్కుకు చూపించి, బయటికి నెట్టేస్తున్నట్టు ఊపింది. తెలిస్తే అందర్నీ గేటు బయటికి పంపేస్తారని.

"ఏటయ్యిందన్నయ్యా?" అంది సీతారత్నం. చేతిలో తొన ఆగిపోయింది.

"నువ్వు కూర్చో సీతా. ఎక్కడికీ ఎళ్ళకు." అబ్బులు జేబులోంచి ఫోన్ తీశాడు. హైమ నంబరు నొక్కబోయి ఆగాడు. ఆమె అడగబోయే మొదటి ప్రశ్న అతనికి తెలుసు. మంచం పక్కన సంచిలో మిగిలిన రాగి పైపు ఉంది. ఐదు అడుగులు. మనిషికి రెండు గొట్టాలు కావాలి. అతను మనసులో లెక్క వేసుకున్నాడు.

"ఎంతమందికిచ్చావు లోవా?"

లోవలక్ష్మి ఇటు తిరిగింది. కుడి కంట్లోంచి ఎప్పటిలాగే నీళ్ళు కారుతున్నాయి. ఇప్పుడు ఎడమ కంట్లోంచీ కారుతున్నాయి. ఆమె దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి తీసి, పది వేళ్ళూ చాపింది. ఆ వేళ్ళ మీద ఒక్క పగులు లేదు.

పదిమంది. పైపు సరిపోతుంది అనుకున్నాడు అబ్బులు.

ఆమె పిడికిళ్ళు మూసింది. మళ్ళీ పది వేళ్ళూ చాపింది. మూసింది. చాపింది. అబ్బులు ఫోన్ పట్టుకుని లెక్కపెడుతూ నిలబడ్డాడు. మెడలో రాగి గొట్టం ఈల వేస్తోంది. ఆమె చేతులు ఇంకా ఆగలేదు.